పెన్నేటి వెంట, నీళ్లెవరివని అడుగుతూ

ఆదివారం: హిందూపురం, పరిగి, పేరూరు

పెన్న పుట్టింది కర్ణాటకలోని నందికొండల్లో. మేం అంత దూరం పోదలుచుకోలేదు. ఆంధ్రలోకి వచ్చే హిందూపురం దగ్గర ఏటిని పట్టుకుని, కొండలు దాటి నెల్లూరు మైదానంలోకి దిగకముందే సిద్ధవటం దగ్గర వదిలేద్దామన్నది మా బావ ప్లాన్. బావ నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనాడు. కారు ఆయనది, డీజిల్ ఖర్చు నాది. కార్తీక మాసం. ఈశాన్య రుతుపవనాల వానలు ఒకటి రెండు పడ్డాయి. పెన్నలో నీళ్లు చూడాలంటే ఇంతకంటే మంచి నెల లేదు. నైరుతి వానలు పడమటి కనుమలు దాటేసరికి అలిసిపోతాయి, మన అనంతపురానికి మిగిలేది తుంపర. పెన్న నిజంగా పారేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అదీ బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ఏడాది.

హిందూపురం బయట బ్రిడ్జి మీద కారు ఆపితే కింద ఇసుక, జిల్లేడు, సర్కారుతుమ్మ. ఒక పక్కగా నల్లటి పాయ. అది ఏటి నీరు కాదు, ఊరి మురుగు.

"ఇదేనా పెన్న?" అన్నాను.

"ఇదే. 597 కిలోమీటర్ల ఏరు, 55 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు పరీవాహకం. పేరుకు పెద్దదే" అన్నాడు బావ.

ఆ పరీవాహకంలో కర్ణాటకది ఎనిమిదో వంతు మాత్రమే. కానీ ఆ ఎనిమిదో వంతే ఏటికి తలకాయ. అందుకే తగువు ఇప్పటిది కాదు. 1892లో మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం నీళ్ల మీద ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ జాబితాలో కావేరితో పాటు ఉత్తర పినాకిని (పెన్నకే ఇంకో పేరు), దాని ఉపనదులు చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. దిగువనున్న మద్రాసు ఒప్పుకోకుండా ఎగువన మైసూరు కొత్త ఆనకట్టలు కట్టకూడదన్నది దాని సారం. కావేరి గురించి అందరికీ తెలుసు. పెన్న పేరు కూడా ఆ కాగితం మీద ఉందన్న సంగతి హిందూపురంలో కూడా ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పరిగి వైపు పోతే జయమంగళి వచ్చి పెన్నలో కలుస్తుంది. కలవడానికి రెంటిలోనూ నీళ్లుండాలి కదా. మేం చూసినప్పుడు ఒక ఇసుక పోయి ఇంకో ఇసుకలో కలిసింది. గట్టు మీద గొర్రెలు కాస్తున్న పెద్దాయనను బావ పలకరించాడు.

"ఏం తాతా, ఏరొచ్చి ఎన్నాళ్లైంది?"

"మొన్న మూడేండ్ల కిందట గట్టిగా వచ్చింది సామీ. వచ్చినప్పుడు ఇటుపక్కోళ్లు ఇటే, అటుపక్కోళ్లు అటే. మా చిన్నతనంలో అట్ల కాదు. ఎండాకాలం కూడా మోకాలిలోతు ఇసుక తీస్తే చెలమలో నీళ్లూరేవి. ఇప్పుడు బోరేస్తే కూడా దుమ్మొస్తాంది."

ఆయన చెప్పింది ఏటి ప్రవాహం గురించి పుస్తకాల్లో ఉండే మొదటి పాఠం. వాన ఆగినాక కూడా ఏరు పారాలంటే గట్ల లోపలి భూగర్భ జలం మెల్లగా ఊరి ఏట్లోకి రావాలి. ఆ నీటి మట్టం ఏటి అడుగు కంటే పైన ఉన్నంత కాలం నేల ఏటికి నీళ్లిస్తుంది. బోర్లు పడి మట్టం కిందికి పోయినాక తిరగబడుతుంది: ఏట్లోకి వచ్చిన నీటిని నేలే తాగేస్తుంది. ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒక్కొక్కటీ నిండి అలుగు పారితేనే తప్ప వంకలోకి చుక్క రాదు. వచ్చిన చుక్కని ఎండిన ఇసుక మింగుతుంది. పాతకాలంలో పారిన వానకే ఇప్పుడు ఏరెందుకు పారదని అడిగే వాళ్లకు జవాబు ఆకాశంలో కంటే భూమిలోనే ఎక్కువ ఉంది.

ఏరు ఇక్కడి నుంచి మళ్లీ కర్ణాటకలోకి, పావగడ తాలూకాలోకి దూరి తిరిగి మన వైపు వస్తుంది. అలా వచ్చినాక కట్టిన మొదటి పెద్ద కట్ట పేరూరు డ్యాం, రికార్డుల్లో అప్పర్ పెన్నార్. 1.81 టీఎంసీల చిన్న ప్రాజెక్టు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. లెక్క రాని వాళ్ల కోసం బావ వాడే సూత్రం ఒకటుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ. అంటే పదకొండు వేల క్యూసెక్కుల వరద దాదాపు రెండు రోజులుంటే పేరూరు నిండిపోవాలి. ఆ రెండు రోజుల కోసం ఈ డ్యాం ఏళ్లకేళ్లు ఎండి కూర్చుంది. ఇప్పుడు హంద్రీనీవా ఎత్తిపోతల పథకం నీళ్లను జీడిపల్లి రిజర్వాయరు నుంచి ఇటు తిప్పే పనులు పెట్టుకున్నారు. అంటే శ్రీశైలం దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీరు పెన్న తలాపునకు వస్తుందన్నమాట.

కట్ట మీద నిలబడి నీళ్లున్నాయని నేను సంతోషపడుతుంటే బావ అన్నాడు: "నీళ్లు చూసి మురిసిపోవద్దురా. ఎవురి నీళ్లో అడుగు."

సోమవారం: పెన్నహోబిలం, పామిడి, తాడిపత్రి

పెన్నహోబిలం ఉరవకొండ దగ్గర. లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి పాదం కింద బిలం ఉందని, అభిషేకం నీళ్లు అందులోంచి పోయి పెన్నలో కలుస్తాయని చెబుతారు. పూజారి ఈ కథ చెప్పేటప్పుడు బావ నా వైపు చూసి నవ్వాడు. ఇక్కడి పెన్నలో కలిసే నీళ్లు అంతకంటే చాలా దూరం నుంచి వస్తాయి.

గుడి నుంచి కొంత దూరంలో పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, జనం నోట్లో పీఏబీఆర్. 11 టీఎంసీలు. కట్ట ఎక్కితే నీళ్లు కంటికి ఆనవు. హిందూపురం ఇసుక చూసి వచ్చిన కళ్లకు ఇది అదే ఏరంటే నమ్మకం కుదరదు. ఒకరకంగా కాదు కూడా. తుంగభద్ర డ్యాం దగ్గర మొదలయ్యే హైలెవల్ కాలువ ఇక్కడి దాకా వస్తుంది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువకు కేటాయించింది 32.5 టీఎంసీలు. డ్యాంలో పూడిక పేరుకుని నిల్వ తగ్గే కొద్దీ వాటా కూడా తరుగుతూ వచ్చింది. అయినా అనంతపురం తాగే నీళ్లకు, దిగువన పెనకచెర్ల దగ్గర మిడ్‌పెన్నార్ డ్యాంకు, అక్కడి నుంచి తాడిపత్రి వైపు కాలువలకు ఆ నీళ్లే దిక్కు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రోజుల్లో ఇక్కడి టీకొట్ల దగ్గర వేరే మాటే లేదట. హొసపేట గేటు విరిగితే ఉరవకొండ వేరుశనగ, మిరప వణుకుతాయి.

డ్యూటీలో ఉన్న కుర్రాడు బావను గుర్తుపట్టి "సార్, టీ తాగుదురు రాండి" అని లోపలికి తీసుకుపోయాడు. గోడ మీద రోజువారీ మట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో రాసే బోర్డు ఉంది. ఇన్‌ఫ్లో కింద రాసిన అంకె కాలువదా, ఏటిదా అని అడిగాను. "ఏటిది విడిగా రాయాల్సినంత వస్తే కదా అన్నా" అన్నాడు. ఆ మాట నాకు చాలా దూరం వెంట వచ్చింది.

మిడ్‌పెన్నార్ దగ్గర ఆగలేదు, ఎండ మండిపోతోంది. పామిడిలో హైవే బ్రిడ్జి మీద నుంచి చూస్తే కోట, గట్టున భోగేశ్వరుడి గుడి, కింద సన్నటి పాయలు. బట్టల అంగళ్లలో మా అక్కకు నైటీలు కొనడం బావ సొంత పని. అది ముగిసేసరికి సాయంత్రమైంది. తాడిపత్రి చేరేసరికి చీకటి.

మంగళవారం: తాడిపత్రి, మంగపట్నం, గండికోట

పొద్దున్నే బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోయాం. పెన్న దక్షిణపు గట్టు మీద, 15వ శతాబ్దం చివర్లో పెమ్మసాని నాయకుల కాలంలో కట్టింది. గర్భగుడిలో లింగం కింద నీటి ఊట ఉంది, దాని పేరే బుగ్గ. గోపురాలు పూర్తి కాలేదు. పూర్తి కాని ఆ గోపురాల చెక్కడం ముందు, పూర్తయిన చాలా గుళ్లు దిగదుడుపే. ఏటివైపు మెట్ల మీద కూర్చుంటే పైన శతాబ్దాల రాయి, కింద ఇసుక తవ్విన గుంటలు.

తాడిపత్రి నాకు గుడి కంటే ఇంకో కారణానికి ముఖ్యం. కేంద్ర జలసంఘం పెన్న పరీవాహకంలో నీటి కొలతలు తీసే స్థానాల్లో ఇదొకటి. ఇంకా చిత్రావతి మీద సింగవరం, పాపాఘ్ని మీద కమలాపురం, కుందూ మీద అల్లాడుపల్లె, సగిలేరు మీద నందిపల్లె, పెన్న మీదే చెన్నూరు, నెల్లూరు ఉన్నాయి. ఏ ఉపనది ఎప్పుడు ఎంత తెచ్చిందో ఈ పేర్ల వరసలో తెలిసిపోతుంది.

కొలిచే పద్ధతి బావ ఇసుకలో కట్టెతో గీసి చెప్పాడు. గట్టున మీటర్లు, సెంటీమీటర్లు గీసిన గేజి పలకలుంటాయి. వాటి మీద మట్టం చదువుతారు. మట్టం ఒక్కటే తెలిస్తే ప్రవాహం తెలియదు. అందుకని ఏటిని అడ్డంగా భాగాలు చేసి, ఒక్కో చోట లోతు కొలిచి, కరెంట్ మీటరును పైనుంచి లోతులో ఆరు పదోవంతుల దగ్గరికి దించి వేగం చూస్తారు. వెడల్పు, లోతు, వేగం గుణించి అన్నీ కూడితే క్యూసెక్కులు. ఇట్లా వేర్వేరు మట్టాల దగ్గర కొలిచి మట్టానికీ ప్రవాహానికీ సంబంధం చూపే గీత గీస్తారు. అదే రేటింగ్ కర్వ్. ఆ తర్వాత మట్టం చదివితే చాలు, ప్రవాహం ఆ గీత చెబుతుంది.

"రాతి అడుగున్న ఏట్లో అయితే ఆ గీత ఏండ్ల తరబడి పనికొస్తాది. మనది ఇసుక ఏరు. ఒక వరదొస్తే అడుగు కోసుకుపోతాది, ఇంకోటొస్తే మేట వేస్తాది. గీత మళ్లా గీయాల" అన్నాడు బావ. మనుషులు తవ్విన ఇసుక సంగతి ఆయన ప్రత్యేకంగా అనలేదు. ఎదురుగా గుంటలు కనిపిస్తూనే ఉన్నాయి. అడుగు మీటరు దిగిపోయిన ఏట్లో పాత మట్టానికి పాత ప్రవాహం రాదు. ఇరవై ఏళ్ల కిందటి మట్టాన్నీ నిన్నటి మట్టాన్నీ పక్కపక్కన పెట్టి "ఏరు తగ్గిపోయింది" అని పేపర్లో రాసేవాళ్లు ముందు ఇక్కడికొచ్చి ఈ గుంటలు చూడాలి.

ఇంకో మాట కూడా అన్నాడు. రికార్డులో సున్నా కూడా కొలతే. పెన్న రిజిస్టర్లలో ఎక్కువ పేజీల నిండా ఉండేది అదే.

తాడిపత్రి నుంచి ముద్దనూరు రోడ్డు పట్టాం. రెండు వైపులా నాపరాయి గనులు, పాలిషింగ్ ఫ్యాక్టరీల తెల్లటి బురద. కొండాపురం దాటినాక మంగపట్నం. రైల్వే చరిత్రలో ఈ ఊరికి ఒక విషాదపు పేజీ ఉంది. 1902 సెప్టెంబరులో రాత్రి కురిసిన కుండపోతకు ఇక్కడి వంక మీది వంతెన కొట్టుకుపోయింది. వెనకే వచ్చిన మెయిలు బండి వరదలో పడి పదుల మంది పోయారు. ఇప్పుడా వంకను చూస్తే గొర్రెపిల్ల కూడా మునగదనిపిస్తుంది. ఈ సీమ వంకలకు ఏడాదంతా ఒక మొహం, ఆ ఒక్క రాత్రి ఇంకో మొహం. సగటు వానలు లెక్కేసి వంతెన కట్టేవాణ్ణి అవి ఎప్పుడూ మోసం చేస్తాయి.

గండికోట సాయంత్రం ఎండలో ఎర్రగా ఉంది. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసిన చోటు ఇది. మూడు వందల అడుగుల లోతు లోయ, పలకలు పేర్చినట్టున్న గట్టి రాయి. కడప రాతి పొరల వయసు వంద కోట్ల సంవత్సరాల పైమాట. ఇంత రాయిని కోసిన నీళ్లు ఏవి అని చూసేవాళ్లకు అనుమానం రావడం సహజం. కానీ నేను గమనించింది వేరే. ఎగువన గండికోట రిజర్వాయరు, 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం డ్యాం. లోయలో కనిపించే నీటిమట్టాన్ని ఇప్పుడు వాన కంటే గేట్లే ఎక్కువ శాసిస్తున్నాయి. రిజర్వాయరు నింపేది కూడా ప్రధానంగా కృష్ణ వరద: శ్రీశైలం వెనక పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, అవుకు, అక్కడి నుంచి గాలేరు-నగరి కాలువ.

ఆ నీళ్ల కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. తాళ్ల ప్రొద్దుటూరు వాళ్లు 2020లో ఇళ్ల గుమ్మాల్లోకి నీళ్లొస్తుంటే సామాన్లు ట్రాక్టర్లకెత్తుకున్నారు. లోయ అంచున సెల్ఫీలు దిగే బెంగళూరు పిల్లలకు ఆ ఊరి పేరు తెలియాల్సిన పని లేదు. కోట దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆవిడది మాత్రం అటువైపు ఊరే. "నీళ్లొచ్చినాయని పండగ చేసినారు కదన్నా. మా ఇంటి మీదే వచ్చినాయి" అంది, పొత్తు మీద నిమ్మకాయ రుద్దుతూ. ఆమె నవ్వుతోనే చెప్పింది, మాకే ఏమనాలో తోచలేదు.

బుధవారం: మైలవరం నుంచి చెన్నూరు దాకా

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తొందరగా దాటేశాం. ప్రొద్దుటూరులో దోసె, కారం మాత్రం వదల్లేదు.

కడప జిల్లాలో పెన్న కథ మారేది కుందూ కలిసే దగ్గర. కుందూ కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు పుట్టి నంద్యాల మీదుగా వచ్చే ఏరు. పెన్న ఎండినా కుందూలో ఎంతో కొంత పారుతుంది. దానికి కారణం కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ. 1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టిన కాలువ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి కర్నూలు నుంచి కడపకు తేవాలని, పొలాలకు పెట్టడమే కాక పడవలు కూడా నడపాలని వాళ్ల ఆశ. లాభాలు రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలువ దారిలో రాజోలి దగ్గర కుందూను, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నను ఆనకట్టలతో అడ్డగించి ఆ ఏర్ల నీళ్లే మళ్లీ వాడుకుంటుంది. పొలాల్లో వాడగా మిగిలింది కుందూలోకి ఊరుతుంది. అంటే నూట యాభై ఏళ్లకు పైగా తుంగభద్ర ఈ ఏట్లో పారుతూనే ఉంది. పెన్నలో పరాయి నీళ్లు అని మనం ఇప్పుడు కొత్తగా ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర నీళ్లు నిజంగా పారుతున్నాయి. పక్కనే వలలు సర్దుకుంటున్న ఇద్దరిని చూసి బావ తన ప్రశ్న వేశాడు.

"ఇవి యాడ నీళ్లబ్బా?"

"మద్రాసోళ్లవి సార్."

వాళ్లు వెటకారంగా అనలేదు. తెలుగుగంగ పథకం కింద కృష్ణ నీళ్లు కుందూలోకి, పెన్నలోకి వదిలి, సోమశిల రిజర్వాయరు నింపి, కండలేరు మీదుగా చెన్నైకి పంపుతారు. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇచ్చి 15 టీఎంసీలతో మద్రాసు దాహం తీర్చాలన్న ఒప్పందం 1970ల నాటిది. మధ్యలో ఎవరైనా మోటార్లు పెడితే అధికారులు తిరిగే రోజులు కూడా ఉంటాయని వాళ్లే చెప్పారు. గట్టున నిలబడ్డ రైతుకు కాళ్ల ముందు పారే నీరు తనది కాకపోవడం ఎట్లా ఉంటుందో నాకు ఊహకందలేదు.

పుష్పగిరికి మధ్యాహ్నం చేరాం. పెన్న, పాపాఘ్ని, కుందూ, ఇంకా రెండు వంకల పేర్లు కలిపి పంచనదీ క్షేత్రం అంటారు. కార్తీక స్నానాలకు వచ్చిన జనం మోకాలి లోతులో మునగడానికి అవస్థ పడుతున్నారు. చెన్నకేశవుడి గుడి గోడల మీద చెక్కిన బొమ్మలు ఎంత చూసినా తనివి తీరలేదు. కమలాపురం దగ్గర పాపాఘ్ని బ్రిడ్జి 2021 నవంబరు వరదకు కుంగి కూలిపోయిన సంగతి అక్కడే ఒకాయన గుర్తు చేశాడు.

చెన్నూరు బ్రిడ్జి మీద ఆగేసరికి పొద్దు వాలింది. పెన్న మొత్తానికి గుండెకాయ లాంటి కొలత చెన్నూరుది. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ అన్నీ కలిసినాక ఏరు ఎంత తెస్తోందో ఇక్కడి అంకె చెబుతుంది. కేంద్ర జలసంఘం పాత అంచనాల ప్రకారం పెన్న పరీవాహకం సగటున ఏడాదికిచ్చేది 632 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 223 టీఎంసీలు. నాకు ఆ సగటు మీద పెద్ద గౌరవం లేదు. ఒక ఏడాది వారం రోజుల వరదలో వచ్చి సముద్రానికి పోయినదీ, ఇంకో ఏడాది ఏమీ రానిదీ కలిపి భాగిస్తే వచ్చే అంకెతో ఎవరి మడీ తడవదు. పైగా చెన్నూరు దగ్గర కనిపించే ప్రవాహంలో పెన్నది ఎంత, కృష్ణది ఎంత, తుంగభద్రది ఎంత అని విడదీయాలంటే ఎగువ రెగ్యులేటర్ల రిజిస్టర్లన్నీ పక్కన పెట్టుకోవాలి. ఆ పని చేయకుండా "ఈ ఏడు పెన్న బాగా పారింది" అనడం వట్టి మాట.

గురువారం: సిద్ధవటం, పోరుమామిళ్ల

సిద్ధవటం కోట గోడకు ఆనుకునే పెన్న. మట్లి రాజుల కోట. ఈస్టిండియా కంపెనీ పాలన మొదట్లో, 1808 నుంచి 1812 దాకా, కడప జిల్లా కేంద్రం ఇదే. ఇక్కడి నుంచి ఏరు కొండల మధ్యకు పోయి, వెలిగొండలు చీల్చుకుని సోమశిల దగ్గర మైదానంలోకి దిగుతుంది. సోమశిలకు 78 టీఎంసీలు పట్టే కడుపుంది. దాని వెనక జలాల కింద మునిగిన ఊళ్లు మన కడప జిల్లావి, తడిసే పొలాలు నెల్లూరువి. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. 2021 నవంబరులో సోమశిల గేట్లన్నీ ఎత్తాక దిగువన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడిన ఫోటోలు అందరం చూశాం.

బద్వేలు దాటి పోరుమామిళ్లకు పోవడం నా పట్టుదల. అక్కడి చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఈ చెరువు కట్టించి వేయించింది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పి, మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలి, నది తీపినీటిది కావాలి, కట్ట కొండకు ఆనాలి, రాయి తీసే గని దగ్గర్లో ఉండాలి. ఇక దోషాలు: కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నీళ్లు కొంచెమై పొలం ఎక్కువ కావడం, నీళ్లెక్కువై చోటు చాలకపోవడం.

బావకు ఇది చదివి వినిపించాను. "మనోళ్లు టెండర్ల ముందు ఇది చదివించాల" అన్నాడు. సరిహద్దు దోషం వినగానే నాకు హిందూపురమే గుర్తొచ్చింది. నీళ్లు కొంచెం, ఆయకట్టు ఎక్కువ అన్నది ఈ వారమంతా చూసిన ప్రతి కాలువకూ సరిపోతుంది. చెరువు ఇంకా పనిచేస్తోంది. మేం పోయినప్పుడు సగానికి పైగా నీళ్లున్నాయి, అవతల గట్టున వరి.

శుక్రవారం: నందలూరు, చెయ్యేరు

పొద్దున్నే చినుకులు. టీవీలో అల్పపీడనం మాట. కడప నుంచి ఒంటిమిట్ట మీదుగా నందలూరు పోయాం. సౌమ్యనాథుడి గుడి, పక్కనే పెన్న ఉపనది చెయ్యేరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో నందలూరులో పెద్ద లోకో షెడ్డు ఉండేది. చెయ్యేటి నీళ్లు బాయిలర్లకు పడతాయని ఇక్కడ పెట్టారంటారు. ఇంజన్లు పోయాయి, షెడ్డు పోయింది.

రాజంపేట మండలంలో అన్నమయ్య ప్రాజెక్టు ఉన్న చోటికి పోయేసరికి వాన పెరిగింది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాటి తెల్లవారుజాము. ఎగువన బాహుదా, పించా ఏర్లు పొంగాయి. ముందు పించా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లన్నీ కలిసి ఇక్కడి మట్టికట్ట మీదికొచ్చాయి. స్పిల్‌వేకు అయిదు గేట్లు, అందులో ఒకటి పనిచేయలేదు. వచ్చినంత నీటిని పంపే దారి దానికి లేదు. కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మీద పడింది. పదుల మంది పోయారు. నీళ్లెక్కువై చోటు చాలకపోవడం అని నిన్న చదివిన ఆరో దోషం ఇక్కడ కొట్టుకుపోయిన కట్టకు రెండు కొసలుగా నిలబడి ఉంది.

ఆ నీళ్లు ఎవరివని బావ అడగలేదు. అడగనక్కర్లేదు. ఈ వారంలో చూసిన నీళ్లలో తుంగభద్రవి ఉన్నాయి, కృష్ణవి ఉన్నాయి, మద్రాసువి ఉన్నాయి. ఆ రాత్రి వచ్చినవి మాత్రం అచ్చంగా ఈ కొండలవి, ఈ వంకలవి.

దిగువ ఊరి టీకొట్టు దగ్గర వాన తగ్గేదాకా కూర్చున్నాం. ఇసుక మేట వేసిన పొలాలను కొందరు తిరిగి సాగులోకి తెచ్చుకున్నారు, కొందరివి అలాగే ఉన్నాయి. టీ పోసే అబ్బాయిని, ఇప్పుడు వాన పడితే మీకెట్లా తెలుస్తుంది, మెసేజ్‌లు వస్తాయా అని అడిగాను.

"వస్తాయి లేన్నా. అయినా పైన సుండుపల్లెలో మా చిన్నమ్మోళ్లుండారు. ఆడ వాన మొదలైతే ఆమే ఫోన్ చేస్తాది."

"ఎంత వాన పడితే చేస్తాది?" అన్నాడు బావ, పాత అలవాటు పోనిచ్చుకోక.

"వాళ్లింటి ముందర వంక రోడ్డెక్కితే చేస్తాది సార్. పొద్దున చేసింది, ఇంకా ఎక్కలేదంట."